పక్కవాద్యంలో అదరగొట్టే ఫిడేలు విద్వాంసుడు సొంత ఆల్బంలో ఎందుకు తేలిపోయాడు?

గంటస్తంభం (ప్రశ్న)
మాది విజయనగరం, ఇప్పుడుండేది ఒహాయోలో, కొలంబస్. పేరు రాయను గానీ, ఒక ఫిడేలు విద్వాంసుడి పక్కవాద్యం కోసమే కచేరీ రికార్డింగులు వెతుక్కుని వింటాను. ఆయన మొదటి సోలో ఆల్బం వచ్చింది. ఆరు ముక్కలు, ఒక్కోటి 4 నుంచి 6 నిమిషాలు, వెనకాల కీబోర్డు, మృదంగం. అపస్వరం ఒక్కటీ లేదు. కానీ తోడి రాగంలో గాంధారం ('గ' స్వరం) ఊగడం లేదు, మెట్లు దిగుతున్నట్టుంది. కమాను తీగను పట్టుకునే ఆ గరగర అసలు వినపడదు. ఫోన్లో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో వింటున్నాను. లోపం వాయింపుదా, రికార్డింగుదా, నా సరంజామాదా? తేల్చుకోవడం ఎలా?

నాగావళి ఒడ్డు
ముందు ఖర్చులేని పని. స్పాటిఫైలో అయితే క్వాలిటీ 'ఆటోమేటిక్' నుంచి తీసేయండి, నెట్ తగ్గితే 24 కేబీపీఎస్ దాకా పడిపోతుంది. 'వెరీ హై' అంటే 320. వాల్యూమ్ లెవెల్ 'లౌడ్' మీద ఉంటే 'నార్మల్'కి తెండి, లౌడ్‌లో లిమిటర్ (పెద్ద శబ్దాలను నొక్కేసే ఏర్పాటు) పడి కమాను ఒత్తిడిలో హెచ్చుతగ్గులు చదునైపోతాయి. ఇయర్‌ఫోన్లు వైరువి పెట్టండి. తర్వాత అదే ఫోన్లో అదే విద్వాంసుడి పాత కచేరీ వినండి. అందులో గరగర వినపడి ఇందులో వినపడకపోతే మీ సరంజామా తప్పేమీ లేదు. స్టూడియోలో నాయిస్ తీసేటప్పుడు హిస్సుతో పాటు రోజిన్ (కమానుకు రాసే జిగురు) శబ్దం కూడా పోయి ఉండొచ్చు.

ఇంకో అనుమానం కీబోర్డు మీద. అంతర గాంధారం (పెద్ద 'గ') శ్రుతిలో కుదురుగా నిలిపితే షడ్జానికి ('స'కు) 386 సెంట్ల (కీబోర్డు మీద పక్కపక్క కీల మధ్య దూరం 100 సెంట్లు) ఎత్తున ఉంటుంది, కీబోర్డు మీద అది 400. శ్రుతి ఒకటిన్నర, అంటే సి షార్ప్ అనుకోండి. మధ్యస్థాయిలో ఫిడేలు 346.5 హెర్ట్జ్ దగ్గర, కీబోర్డు 349.2 దగ్గర ఉంటాయి. రెండూ కలిసి మోగితే సెకనుకు దాదాపు మూడుసార్లు కొట్టుకుంటాయి, అంటే శబ్దం హెచ్చి తగ్గుతుంది. శంకరాభరణం, కల్యాణి ముక్కల్లో గాంధారం నిలిపిన చోట వినండి, నీళ్లలో కదిలినట్టుంటుంది. తంబూరా ఉంటే ఈ గొడవే రాదు. వాయించేవాడు చెవి పెట్టి కీబోర్డు వైపు జరిగాడో, అది ఇంకా ఘోరం.

బొబ్బిలి మేష్టారు
గాంధారం మెట్లు దిగుతోందన్నారు కదా, దాన్ని కంటితో చూడొచ్చు బాబూ. కీబోర్డు తగ్గి ఫిడేలు ఒక్కటే ఉన్న చోటు చూసుకుని 20 సెకన్లు రికార్డు చేసి కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ట్రాక్ మెనూలో స్పెక్ట్రోగ్రామ్ (స్వరాల ఎత్తు గీతల్లా కనపడే పటం) ఎంచుకుని, సెట్టింగుల్లో స్కేల్ లీనియర్, విండో సైజు 2048, గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 3000 పెట్టండి. అడుగున ఉన్న గీత చూడకండి, నాలుగో అయిదో హార్మోనిక్ (అసలు స్వరానికి నాలుగైదింతల ఫ్రీక్వెన్సీలో మోగేది) గీత చూడండి, ఊపు అక్కడ నాలుగైదింతలు పెద్దగా కనపడుతుంది. తోడి గాంధారం రిషభం, మధ్యమాల మధ్య ఊగాలి కదా, గీత పాములా మెలికలు తిరగాలి. మెట్లలా ఉంటే పిచ్ కరెక్షన్ (సాఫ్ట్‌వేర్‌తో శ్రుతి దిద్దడం) పడి ఉండొచ్చు. రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) బాగా ఎక్కించి ఉంటే మాత్రం గీతలు అలుక్కుపోతాయి, అప్పుడు దీన్ని నమ్మొద్దు.

తాళం కూడా కొలవండి. ఆదితాళం ముక్కలో మొదటి పది ఆవర్తనాలకు (తాళం చుట్లకు) ఎన్ని సెకన్లు, చివరి పదికి ఎన్ని? మనుషులు వాయిస్తే ఎంత కాలప్రమాణం (లయ నిలకడ) ఉన్నా కొద్దో గొప్పో తేడా వస్తుంది. రెండూ ఒకటే అయితే చెవిలో క్లిక్ (లయ కొట్టే మెషీన్ టిక్కు టిక్కు) పెట్టుకుని వాయించినట్టు. అక్కడ స్వరకల్పనకు (అప్పటికప్పుడు స్వరాలు అల్లడానికి) ఊపిరాడదు.

తోటపల్లి రెగ్యులేటర్
అందరూ మెషీన్ల మీదకే తోసేస్తున్నారేటండీ! పక్కవాద్యంలో సాహిత్యం గాయకుడి నోట్లో ఉంటుంది, ఫిడేలు నీడలా వెళ్తే చాలు. సోలోలో ఆ మాట కమానే పలకాలి. తెలిసిన కృతి ఒకటి తీసుకుని పల్లవి మనసులో పాడుకుంటూ వినండి. మాట విరిగే చోట కమాను తిరుగుతోందా, నాలుగు మాటలు ఒకే లాగుడులో కలిసిపోతున్నాయా? రెండోదైతే అది చేతి లోపమే, ఏ సాఫ్ట్‌వేరూ చేసింది కాదు.

4 నిమిషాలు చాలలేదన్న సాకు కూడా నేనొప్పను. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. మన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఫిడేలు నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ మూడు నిమిషాల్లోనే రాగం ముఖం చూపించారు. ఒకసారి అవి విని ఇది వినండి.

గంటస్తంభం
వైరు పెట్టినా గరగర లేదు, పాత కచేరీలో ఉంది. తాళం కొలిచాను, మొదటి పదీ 64.0 సెకన్లు, చివరి పదీ 64.0. తోడి గీత కొన్నిచోట్ల పాము, కొన్నిచోట్ల మెట్లు. కమాను సంగతి తోటపల్లి వారు చెప్పింది ఒక్క కృతిలోనే నిజం, మిగతా వాటిలో మాట తెగే చోటే తిరుగుతోంది.

బొబ్బిలి మేష్టారు
మెట్లున్న చోట్లు ద్రుతమైన (వేగంగా సాగే) సంగతులైతే దిద్దింది ఇంజనీరు, అతుకులు (వేరే టేకుల ముక్కలు) కూడా ఉండొచ్చు. నిదానమైన ఆలాపనలోనూ మెట్లే ఉంటే విద్వాంసుడు విని సరేనన్నట్టు. మీరు కొలంబస్‌లో ఉన్నారు, వసంతంలో జరిగే క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన (కర్ణాటక సంగీతోత్సవం) కారులో రెండు గంటల దూరం. ఆయన పేరు కార్యక్రమ పట్టికలో ఉందేమో చూడండి. ఉంటే స్పీకర్లకు దూరంగా, వేదికకు దగ్గరగా కూర్చోండి.