‘అమ్మవారే’ అనే మాటలోని ‘ఏ’ను ఇంగ్లీషులో ఎలా పలికించాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి):
పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే అతిథుల కోసం మా వీధి యువకులు ఇంగ్లీషులో ఒక కరపత్రం వేయదలచి, రాసే పని నాకు అప్పగించారు. ముందుగా తెలుగులో ఇలా రాసుకున్నాను: “అమ్మవారే పూజారి కలలో కనిపించి చూపిన చింతచెట్టునే సిరిమాను అనే పొడవాటి మానుగా మలుస్తారు. ఆ మాను చివరన పూజారే కూర్చుంటారు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారమే ఉత్సవం జరుగుతుంది.” ఈ నాలుగు ‘ఏ’కారాలకు ‘ఓన్లీ’, ‘ఇట్‌సెల్ఫ్’, ‘వెరీ’, ‘సేమ్’ అనే మాటలు తోచాయి కానీ, దేనిని ఎక్కడ వాడాలో తేలడం లేదు. పెద్దలు చెప్పగలరు.

సమాధానం (శ్రీకాకుళం, విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు):
ఇంగ్లీషు మాటను వెతికే ముందు, ఆ ‘ఏ’ తెలుగులో ఏ పని చేస్తున్నదో చూడండి. మీ నాలుగింటిలోనూ దాని పని ఒకటి కాదు. ‘అమ్మవారే’ అంటే స్వయంగా అమ్మవారు. కాబట్టి ‘ద గాడెస్ హర్‌సెల్ఫ్’ అనాలి. మనకు అలవాటైన పద్ధతిలో ‘ద గాడెస్ ఓన్లీ అపియర్స్’ అని రాస్తే, అమ్మవారు కనిపించడం తప్ప మరేమీ చేయదని చదివేవారు అనుకోగలరు. ‘చింతచెట్టునే’ అన్నచోట ‘ద వెరీ ట్రీ’ చక్కగా అమరుతుంది. ‘వెరీ’ అనే మాట నిజమైనది అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, అందుకే నామవాచకానికి ముందు నిలిచినప్పుడు ‘అచ్చంగా అదే’ అనే బలాన్ని ఇస్తుంది. ‘సేమ్’ అంటే మునుపు చెప్పినదే అని గుర్తు చేయడం వరకే; కలలో చూపిన చెట్టు అనే ఆశ్చర్యం అందులో రాదు.

‘పూజారే’ అంటే మరొకరు కారని అర్థం. ఇక్కడ ‘ఓన్లీ’ తప్పు కాదు, దాని చోటే ముఖ్యం: ‘ఓన్లీ ద ప్రీస్ట్’ అని ముందు పెట్టండి. ‘మంగళవారమే’ అన్నది మరీ తేలిక. అక్కడి ‘ఏ’కు అర్థం ‘ఎప్పుడూ’. ‘ఆల్వేస్ ఆన్ ఎ ట్యూస్‌డే’ అంటే చాలు.

సమాధానం (బొబ్బిలి నుంచి):
మాష్టారి విభజన బాగుంది. అయితే ‘పూజారే’కు నేను ‘ఇట్ ఈజ్ ద ప్రీస్ట్ హూ సిట్స్’ అంటాను, ఎందుకంటే ‘కూర్చునేది పూజారే’ అని మనం తిప్పి చెప్పే వాక్యానికి అది సరిగ్గా జోడు. ఇంకొక మాట. తెలుగులో నాలుగు ‘ఏ’లు చెవికి బరువు కావు, ఒక్కొక్కటి ఒక్క అక్షరమే కదా, ఇంగ్లీషులో నాలుగు చోట్లా మాటలు చేర్చి నొక్కితే కరపత్రం అరుస్తున్నట్టు ఉంటుంది. మన ఆఫీసుల్లో ‘టుడే ఇట్‌సెల్ఫ్’ అనుకోవడం మన మధ్య చెల్లుతుంది, నేనూ అంటాను. కానీ ‘ట్యూస్‌డే ఇట్‌సెల్ఫ్’ అని ఊరికి కొత్తవారి చేతిలో పెట్టవద్దు.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘హర్‌సెల్ఫ్’, ‘ద వెరీ ట్రీ’ ఉంచి, పూజారి వాక్యంలో నొక్కు తీసివేశాను. మాను చివరన మనిషి కూర్చుని కోటకూ గుడికీ మధ్య మూడుసార్లు తిరుగుతాడని చదివితే ఎవరైనా ఎలాగూ ఆగి చూస్తారు. మంగళవారానికి ‘ఆల్వేస్’ పెట్టాను. ముందురోజు సోమవారం జరిగే వేడుక పేరు ‘తొలేళ్ళు’ను మాత్రం ఇంగ్లీషు చేయకుండా అలాగే వదిలేశాను.