మెడలో లింఫు గ్రంథుల వాపు: క్షయ మందులు ముందా, బయాప్సీ ముందా?

మా చెల్లెలికి 26 ఏళ్లు. నెలన్నరగా మెడకు ఎడమవైపు, చెవి వెనుక నుంచి కిందికి వరుసగా మూడు నాలుగు గడ్డలు ఉన్నాయి. పెద్దది దాదాపు 2.5 సెంటీమీటర్లు. నొక్కితే కాస్త నొప్పి, వేళ్ల కింద కదులుతుంది, చీము లేదు. సాయంత్రాలు జ్వరం 100 నుంచి 101 డిగ్రీలు. దగ్గు లేదు, బరువు తగ్గలేదు. పళ్లు, గొంతు, తల చర్మం చూశారు, అక్కడ ఏమీ లేదు.

అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ పూర్తి కోర్సు వాడినా మార్పు లేదు. తెల్ల రక్తకణాలు 3,200 (కాస్త తక్కువ), ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్త పరీక్ష) 48, అంటే ఎక్కువే. ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉంది. హెచ్ఐవీ, ఏఎన్ఏ (లూపస్ లాంటి జబ్బుల కోసం చేసే రక్త పరీక్ష) నెగెటివ్. మాంటూ (క్షయ క్రిమి సోకిందా అని చూసే చర్మ పరీక్ష) 12 మిల్లీమీటర్లు. క్షయ ఇంత విస్తారంగా ఉన్న ఉష్ణమండల ప్రాంతంలో దానివల్ల తేలేది తక్కువే. సూదితో తీసిన నమూనాలో కణజాలం నశించినట్టు ఉంది, కానీ గ్రాన్యులోమాలు (క్షయలో తరచూ కనిపించే కణాల గుంపులు) స్పష్టంగా లేవు. క్షయ క్రిములు కనబడలేదు, జీన్ ఎక్స్‌పర్ట్ (క్షయ క్రిమి డీఎన్ఏ కోసం వెతికే పరీక్ష) కూడా నెగెటివ్. గ్రంథుల్లో క్రిములు తక్కువగా ఉంటే ఈ పరీక్ష తప్పిపోవచ్చని తెలుసు, అందుకే ధీమా లేదు.

ఒక వైద్యుడు ఆరు నెలల క్షయ మందులు వెంటనే మొదలుపెట్టమంటున్నారు. ఇంకొకరు కికుచి వ్యాధి (లింఫు గ్రంథులు వాచే అరుదైన జబ్బు, క్యాన్సర్ కాదు) కావచ్చని, అది సాధారణంగా కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గుతుందని అంటున్నారు. ఒకసారి మందులు మొదలయ్యాక గడ్డలు తగ్గితే, ఏ కారణంతో తగ్గాయో ఎలా తెలుస్తుంది? నా సందేహమల్లా అక్కడే.

ఇలాంటి కేసులు చూసిన వైద్యులు, పాథాలజిస్టులు చెప్పగలరా: క్షయ మందులకు ముందే గ్రంథిని మొత్తంగా తీయించి బయాప్సీ, కల్చర్ (నమూనాలో క్రిములను పెంచి చూసే పరీక్ష) రెండూ చేయించడం అవసరమా?