ఊరు పెరుగుతోందని పచ్చని భూమి వదులుకోవాలా? మాస్టర్ ప్లాన్‌లో గీత ఎక్కడ గీయాలి?

రేఖాచిత్రం:
మాస్టర్ ప్లాన్ తిరగరాసే ప్రతిసారీ ఒకటే తంతు. ఇరవై ఏళ్లలో జనాభా ఇంత అవుతుందని అంచనా కడతారు. దాన్ని ఇళ్ల లెక్కలోకి, ఇళ్లని ఎకరాల్లోకి మారుస్తారు. ఆ ఎకరాలు ఊరి అంచున ఉన్న పొలాల్లోంచి, తోటల్లోంచి కోసేస్తారు. ఏది మిగలాలో ఎవరూ ముందు అడగరు, అన్నీ కట్టాక మిగిలినదాన్నే పార్కు అంటారు.

నా వాదన సూటిగా చెప్తాను. స్థానిక సంస్థ ముందు కాపాడాల్సిన భూమి తేల్చాలి, తర్వాత ఊరి చుట్టూ గీత గీయాలి. లోపల ఎంత కావాలంటే అంత కట్టుకోండి, బయట వద్దు. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం 1973లో దీనికోసం చట్టం చేసింది, పోర్ట్‌లండ్ ప్రాంతం 1979లో గీత గీసుకుంది. కోపెన్‌హేగన్ అయితే 1947లోనే రైలు మార్గాల వెంట ఐదు వేళ్లలాగా పెరుగుతాం, వేళ్ల మధ్య పచ్చదనం ముట్టుకోం అని ప్లాన్ వేసుకుంది. మనసుంటే చేయొచ్చు.

సందుచివర:
ఫాలోయింగ్.

బీడుభూమి:
పెన్సిల్ మీ చేతిలో ఉంటే గీత గీయడం తేలికే మాస్టారూ. ఆ గీత ఎవరి పొలం మీదుగా పోతుందో కూడా చెప్పండి.

మా నాన్నగారి భూమి ప్లాన్‌లో ఆకుపచ్చ రంగు కింద పడింది. 'వినోద స్థలం' అని రాశారు. మ్యాపు జిరాక్స్ ఇప్పటికీ నా దగ్గరుంది. రంగు సరిగ్గా మా బావి మధ్యలోంచి పోయింది, సగం బావి నివాస ప్రాంతం, సగం బావి పార్కు! అధికారిని అడిగితే "స్కేలు చిన్నది కదండీ, గీత మందం అంత పడుతుంది" అన్నాడు. అప్పట్నుంచి అమ్ముదామంటే కొనేవాడు లేడు. కట్టుకుందామంటే అనుమతి లేదు. పోనీ మీరే తీసుకోండి అంటే బడ్జెట్ లేదంటారు. పార్కు రాలేదు, పంట మానేశాం, తుమ్మ చెట్లు మొలిచాయి. మీరు కాపాడమంటున్న ఖాళీ స్థలం ఇదే.

ఇక పోర్ట్‌లండ్ సంగతి. ఆ గీత ఎన్నిసార్లు జరిగిందో ఎందుకు రాయలేదు? 2002లో ఒక్క విడతలోనే 18 వేల ఎకరాలకి పైగా కలిపారు. జరిగే గీత గీతే కాదు.

రేఖాచిత్రం:
జరగడం ఆ చట్టంలోనే ఉంది సార్. గీత లోపల ఎప్పుడూ 20 ఏళ్లకి సరిపడా భూమి ఉండాలని నియమం. ప్రజలు ఎన్నుకున్న ప్రాంతీయ సంస్థ ఒకటుంది, అది ఆరేళ్లకోసారి లెక్క చూసి, అవసరమైతేనే జరుపుతుంది. ఎమ్మెల్యే బావమరిది అడిగాడని జరపడానికీ, లెక్క కట్టి జరపడానికీ తేడా లేదా?

బీడుభూమి:
లెక్క కట్టేదెవరు? మీలాంటివాళ్లే. జరిగిందా లేదా? జరిగింది. అంతే నా ప్రశ్న.

రేఖాచిత్రం:
జరిగింది. పద్ధతి ప్రకారం జరిగింది.

బీడుభూమి:
మరి మొదటి పోస్టులో "బయట వద్దు" అన్నారే.

నిమ్మగడ్డి:
ఇద్దరికీ దండం. గీత దగ్గరే ఆగిపోయారు, జనాభా సంగతి ఎప్పుడు మాట్లాడతారు?

మూడోఅంతస్తు:
నేను అద్దెకుంటాను. ఇక్కడ మాట్లాడుతున్న ఇద్దరికీ సొంత భూమో, ఇల్లో ఉంది కాబట్టి మధ్యలో దూరుతున్నా.

జనాభా అంచనా తప్పు అని చాలామంది కొట్టిపారేస్తారు. అది తగ్గినా ఇళ్ల అవసరం తగ్గదు. ఐదుగురుండే ఇల్లు విడిపోయి ఇద్దరు, ముగ్గురుగా మారితే అదే జనానికి రెండిళ్లు కావాలి. పిల్లలు వేరుపడతారు, పెద్దవాళ్లు ఒంటరిగా మిగులుతారు. తలలు లెక్కపెట్టి ప్లాన్ వేసేవాళ్లు కుటుంబాలు లెక్కపెట్టరు. ఊరి చుట్టూ గీత గీసి, లోపల ఇళ్లు కట్టనివ్వకపోతే పెరిగేది అద్దె. లండన్ చుట్టూ గ్రీన్ బెల్టుకి, అంటే కట్టడాలు రాకుండా ఆపిన పచ్చని పట్టీకి, 1938లోనే చట్టం ఉంది. ఇప్పుడు ఇంగ్లండ్ మొత్తం భూమిలో సుమారు ఎనిమిదో వంతు గ్రీన్ బెల్టే. అందులో చాలావరకు ప్రైవేటు పొలాలు, కొంత గోల్ఫ్ మైదానాలు, కాలిబాట తప్ప జనం అడుగుపెట్టే వీల్లేనివి ఎన్నో. ఇల్లు దొరకనివాళ్లు ఆ బెల్టు దాటి అవతల ఊళ్లలో ఉంటూ రోజూ దాని మీదుగా ఉద్యోగానికి వస్తున్నారు. పచ్చదనం మిగిలింది నిజమే, ఎవరి కోసమో చెప్పండి.

సందుచివర:
ఒక్క మాట. ఇక్కడ అందరూ ఎకరాలే మాట్లాడుతున్నారు. మా లేఅవుట్‌కి కూడా చట్టప్రకారం ఖాళీ స్థలం ఉంది, కాగితం మీద శాతం సరిపోయింది. పోయి చూస్తే హైటెన్షన్ తీగల కింద మూడుమూలల ముక్క. ఒక మూల ట్రాన్స్‌ఫార్మర్, ఒక మూల నీళ్ల సంపు, మధ్యలో సిమెంటు బెంచీ. బెంచీ మీద కూర్చుంటే తలమీద తీగల జుయ్ మని చప్పుడు. పిల్లల్ని ఎవరూ పంపరు. ప్లాట్‌కి పనికిరాని ముక్కనే పార్కుకి ఇస్తారండీ. ఆకారం, కనీస వెడల్పు, రోడ్డు ఆనుకుని ఉండాలన్న నిబంధన లేకుండా శాతం ఒక్కటే పెడితే ఇదే గతి.

రేఖాచిత్రం:
సందుచివర గారు చెప్పింది అక్షరాలా నిజం. అందుకే అంటున్నా, ముందు భూమి తేల్చాలి, తర్వాతే ప్లాట్లు.

మూడోఅంతస్తు గారికి: గీతే అద్దె పెంచిందని ఎలా అంటారు? గీత లేని నగరాల్లోనూ అద్దెలు పెరిగాయి.

మూడోఅంతస్తు:
గీత ఒక్కటే కారణమని నేను అనలేదు. గీత గీసి లోపల కట్టనివ్వకపోతే అన్నాను. 'లోపల' అన్న మాట మీ మొదటి పోస్టులోదే.

ఓరెగాన్ ఆ రెండో సగం కూడా చేసింది. 2019లో చట్టం తెచ్చి, 25 వేల జనాభా దాటిన నగరాల్లో ఒక్క ఇల్లే కట్టాలన్న వీధుల్లో కూడా నాలుగు కుటుంబాల భవనాలు కట్టుకోనిచ్చింది. బయట ఆపి లోపల తెరిచారు. మీరు ఆ రెండోదానికి సిద్ధమేనా?

రేఖాచిత్రం:
సూత్రప్రాయంగా ఎవరు కాదన్నారు?

మూడోఅంతస్తు:
సూత్రప్రాయంగా! ఇదే వేదికలో పోయిన నెల 'మా వీధిలో నాలుగంతస్తులకి అనుమతి ఆపండి' అన్న చర్చలో సంతకాలు సేకరించింది ఎవరండీ? స్క్రీన్‌షాట్ పెట్టమంటారా? ఊరి బయట రైతు కట్టకూడదు, ఊరి లోపల మీ పక్కింటివాడు కట్టకూడదు. మరి కొత్తగా వచ్చేవాళ్లు గాల్లో ఉండాలా?

బీడుభూమి:
హమ్మయ్య. ఇప్పుడు బయటపడింది.

రేఖాచిత్రం:
వ్యక్తిగతంగా దిగారు కాబట్టి చెప్తున్నా. అవును, సంతకాలు నేనే సేకరించాను, మళ్లీ సేకరిస్తాను. మా వీధి డ్రైనేజీ పైపు ఒంటరి ఇళ్ల కాలంలో వేసింది. వాన గట్టిగా పడితే మ్యాన్‌హోల్ మూత లేచి నీళ్లు గుమ్మంలోకొస్తాయి. నాలుగంతస్తులకి అనుమతిచ్చి అభివృద్ధి రుసుం వసూలు చేసుకున్నారు. ఆ డబ్బుతో పైపు మార్చారా? లేదు. ఎక్కడో ముఖద్వారం కట్టారు. జనాన్ని పెంచి పైపు పెంచని సంస్థకి నేనెందుకు తలూపాలి? వచ్చేవాళ్ల మీద నాకేం కోపం లేదు.

బీడుభూమి:
మాస్టారూ, సంస్థ మీద మీకు నమ్మకం లేదు, నాకూ లేదు. మీ పైపు డబ్బు మింగేసిన ఆఫీసే నా భూమికి ఆకుపచ్చ రంగు వేసింది. మీ విషయంలో దాన్ని నమ్మకూడదా, నా విషయంలో నమ్మాలా? మీకు గాలి, పక్షులు, కొళాయి కింద భూగర్భజలం. నాకు పన్ను రసీదు. ఊరందరికీ పచ్చదనం కావాలంటే ఊరందరూ డబ్బు పెట్టండి. పొద్దుటి నుంచీ నేనంటున్నది ఈ ఒక్క ముక్కే. గీత జరిగిందా లేదా అన్నది నాకక్కర్లేదు.

నిమ్మగడ్డి:
పొద్దుటి నుంచీ దాని మీదే కొట్టుకున్నారు కదండీ 😂

నిర్వాహకుడు:
స్క్రీన్‌షాట్లు వద్దు. పాత చర్చలు ఇక్కడికి లాగొద్దు. విషయం మీదే ఉండండి.

రేఖాచిత్రం:
డబ్బు ఇవ్వాల్సిందే అన్న పంథాని ఓరెగాన్ ఓటర్లు 2004లో పట్టుకున్నారు. ఆంక్షల వల్ల భూమి విలువ తగ్గితే పరిహారం ఇవ్వు, లేదా ఆంక్ష ఎత్తెయ్ అన్నారు. వేల అర్జీలు వచ్చిపడ్డాయి. ఇచ్చే డబ్బు లేక ఆంక్షలే ఎత్తేస్తూ పోవాల్సి వచ్చింది. 2007లో మళ్లీ ఓటర్లే దానికి కళ్లెం వేశారు. అలా ప్రతి రంగుకీ చెక్కు రాయాలంటే ఏ మున్సిపాలిటీకీ గీత గీసే ధైర్యం ఉండదు.

బీడుభూమి:
సియోల్ కూడా చెప్పండి మరి. 1971లో చుట్టూ గ్రీన్ బెల్ట్ పెట్టి దశాబ్దాల పాటు యజమానులకి ఏమీ ఇవ్వలేదు. 1998లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఏమంది? బెల్ట్ పెట్టడం తప్పు కాదు, కానీ భూమి దేనికీ పనికిరాకుండా పోయినవాళ్లకి కూడా పరిహారం లేకపోవడం రాజ్యాంగానికి సరిపడదు అంది. నేను అడిగేది అంతకన్నా ఒక్క పైసా ఎక్కువ కాదు.

మూడోఅంతస్తు:
ఊరంతా డబ్బు పెట్టిన చోటు ఒకటుంది. కొలరాడోలో బౌల్డర్. 1967లో అక్కడి ఓటర్లు తమ అమ్మకపు పన్ను తామే పెంచుకుని ఆ డబ్బుతో చుట్టూ భూములు కొన్నారు. బీడుభూమి గారికి నచ్చుతుంది. కానీ 1976లో కొత్త ఇళ్ల మీద కూడా ఏడాదికి ఇంతేనని పరిమితి పెట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్లు వేలమంది పక్క ఊళ్ల నుంచి కార్లలో వస్తారు. కాబట్టి పరిహారం ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే నాలాంటివాడికి ఒరిగేదేం లేదు.

కాగితంపడవ:
మేరీలాండ్‌లో మాంట్‌గోమరీ కౌంటీ 1980లో చేసిన పద్ధతి చూశారా? దాదాపు 93 వేల ఎకరాల వ్యవసాయ భూమికి, 25 ఎకరాలకి ఒక్క ఇల్లే అని నిబంధన పెట్టారు. అంతకు ముందు 5 ఎకరాలకి ఒకటి ఉండేది. అలా పోయిన ఇల్లు కట్టుకునే హక్కుల్ని, 5 ఎకరాలకి ఒకటి చొప్పున, రైతు పత్రాలుగా అమ్ముకోవచ్చు. ఊరి లోపల ఎక్కువ ఇళ్లు కట్టాలనుకునే బిల్డరు అవి కొనాలి. ప్రభుత్వం తన ఖజానా తీయక్కర్లేదు. రైతుకి డబ్బు, భూమి భూమిగానే ఉంటుంది, ఇళ్లు లోపల వస్తాయి.

బీడుభూమి:
ఇది నాకు సమ్మతమే. హక్కు పత్రం మార్కెట్లో అమ్ముడుపోతుందన్న భరోసా ఉంటే.

కాగితంపడవ:
అదే మెలిక. లోపల ఎక్కువ అంతస్తులు ఒప్పుకునే వీధులుంటేనే ఆ పత్రానికి గిరాకీ. ఏ వీధీ ఒప్పుకోకపోతే అది చిత్తుకాగితం.

బీడుభూమి:
అంటే నా బావి విలువ ఇప్పుడు రేఖాచిత్రం గారి వీధి చేతిలో ఉందన్నమాట. ఏమంటారు మాస్టారూ?

రేఖాచిత్రం:
బిల్డరు కట్టే రుసుం విడి ఖాతాలో వేసి, ముందు పైపు మార్చి, ఆ తర్వాత పునాది తవ్వుతానంటే ఆలోచిస్తాను. మూడంతస్తుల దాకా.

మూడోఅంతస్తు:
మూడంతస్తులంటే ఇప్పుడున్న దానికి ఒక్కటే ఎక్కువ. దానికోసం హక్కు పత్రం ఏ బిల్డరు కొంటాడు? ఐదు.

రేఖాచిత్రం:
ముందు పైపు వేయించండి, అప్పుడు అంకెలు మాట్లాడదాం.

మూడోఅంతస్తు:
అనుమతులు లేకుండా రుసుం ఎక్కడి నుంచి వస్తుందండీ, పైపు వేయడానికి?

సందుచివర:
ఇంతకీ ఆ 93 వేల ఎకరాల్లో హైటెన్షన్ తీగల కిందవి ఎన్ని?