వేట నిషేధ కాలంలో చేపల రేవును సరుకు బార్జీలకు అద్దెకివ్వవచ్చా?

లంగరు:
ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుంది. ఆ రోజుల్లో ఖాళీగా ఉండే విశాఖ చేపల రేవు జెట్టీలో కొంత భాగాన్ని సిమెంటు, ఉప్పు, బియ్యం మోసే చిన్న బార్జీలకు అద్దెకిచ్చి, ఆ సొమ్ముతో ఐసు, మంచినీరు, మరమ్మతు వసతులు పెంచుకోవాలని నా ప్రతిపాదన. కాకినాడ యాంకరేజి పోర్టులో ఓడలు దూరాన నిలిస్తే సరుకు చేరవేసేది బార్జీలే కనుక ఈ పద్ధతి మన తీరానికి కొత్త కాదు.

సరంగు కొడుకు:
ఖాళీగా ఉంటుందని ఎవరు చెప్పారండీ? నిషేధం మొదలైతే బోట్లన్నీ ఒక్కసారే రేవుకు చేరతాయి. ఒకదాని పక్కన ఒకటి వరసలుగా కట్టి ఉంటాయి కాబట్టి, చివరి బోటుకు వెళ్లాలంటే మిగతా వాటి మీదుగా దాటుకుంటూ పోవాలి. ఇంజను విప్పేదీ, పలకలు మార్చేదీ, రంగు వేసేదీ అప్పుడే. 2023 నవంబరు 19 రాత్రి ఇదే రేవులో మంటలు బోటు నుంచి బోటుకు పాకిన తీరు చూసినవారెవరూ ఆ ఇరుకులోకి ఇంకో పడవను రమ్మనరు.

మధురవాడ:
లంగరు గారూ, ‘ఖాళీ’ అన్న మాట వెనక్కి తీసుకుంటే సగం గొడవ తీరుతుంది.

లంగరు:
తీసుకోను. చేపలు వేలం వేసే చోటు, ఐసు ఎక్కించే గట్టు ఆ రెండు నెలలూ ఖాళీయే కదా?

సరంగు కొడుకు:
జెట్టీ అని రాసి ఇప్పుడు వేలం చోటు అంటున్నారు. ఐసు మాటెత్తారు కాబట్టి చెబుతాను. రెండేళ్ల కిందట వేటకు బయలుదేరే రోజున మధ్యాహ్నం దాకా ఐసు కోసం నిలబడితే, సగం కరిగిన గడ్డలు దొరికాయి. మన ఎండల్లో కిలో చేపకు సుమారు కిలో ఐసు కావాలి. తొమ్మిదో రోజున తిరిగొచ్చి చూస్తే అడుగున ఉన్న వంజరాల మొప్పలు ఎరుపు పోయి గోధుమరంగుకు తిరిగాయి. వేలంలో వేలితో నొక్కి చూసినవాళ్లు సగం ధర కూడా పలకలేదు. మాకు ఐసు కావాలంటే బార్జీ అద్దె కోసం ఎందుకు ఎదురుచూడాలి?

ఎండుచేప:
మా అమ్మ ఆ గట్టు పక్కనే చేపలు ఎండబెడుతుంది. వాటి మీద సిమెంటు దుమ్ము పడితే ఎవరు కొంటారు?

లంగరు:
నష్టపోయింది మీరొక్కరేనా? నా పది టన్నుల ఉప్పును, చిన్న సరుకని చెప్పి, ఒక రేవులో నాలుగు రోజులు ఆరుబయటే ఉంచేశారు. వానకు బస్తాలు అడుగు నుంచి కరిగిపోయాయి. ఒకప్పుడు భీమిలిలో, కళింగపట్నంలో సరుకు ఓడలు ఆగేవి. ఆ రేవులు పోయాక నాబోటి చిన్న వర్తకుడు సరుకు దించుకునే గట్టు లేకుండా పోయింది. సముద్రాన్ని జాలర్లకే రాసిచ్చారా?

సరంగు కొడుకు:
రాసివ్వలేదు కాబట్టే భయం. ఆ నేల మాది కాదు, పోర్టుది. సరుకు దిగే చోటికి గోడ, గేటు, పాసు వస్తాయి. మొదట రెండు నెలలంటారు, తరువాత సరుకు పూర్తిగా దిగలేదని మరో నెల అడుగుతారు. జూన్ 15న వేటకు కదలాల్సిన బోటుకు బార్జీ అడ్డంగా ఉంటే ఎవరు ముందు కదలాలో ఎవరు తేలుస్తారు? మీ ఉప్పు మీద నాకు కోపం లేదు. ఆ తేల్చే చోట బోటు యజమానులు, బోట్ల మీద పనిచేసే కళాసీలు, చేపలమ్మే ఆడవాళ్లు కూర్చుంటారని కాగితం మీద ఉంటే మాట్లాడదాం.

లంగరు:
ఆ షరతు న్యాయమైనదే, ఒప్పుకుంటాను. సిమెంటు కూడా వదిలేస్తాను. అయితే చిన్న వర్తకులకూ అక్కడ ఒక కుర్చీ ఉండాలి. ‘ఖాళీ’ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఎండుచేప:
గేటు పెడితే మా అమ్మకు పాసు ఎవరిస్తారో, అది కూడా ఆ కాగితంలో రాయండి.