వెంకటాపురం స్టైరీన్: తప్పు లాక్‌డౌన్‌దా, ట్యాంకుదా?

గాజువాక_గోపి:
2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఆవిరి ఊళ్లోకి పాకి 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తప్పు ప్రధానంగా యాజమాన్యం మీదే పెట్టింది. నేను ఒప్పుకోను. మార్చి 25 నుంచి ప్లాంటు బంద్. వాడుతూ నింపుతూ ఉండాల్సిన సరుకు 43 రోజులు అలాగే పడి ఉంది. లాక్‌డౌన్ లేకపోతే ప్రమాదమే లేదు. కాదనేవాళ్లు చెప్పండి.

టీబీసీ_తాత:
కాదంటాను. స్టైరీన్ దానంతటదే గట్టిపడి పాలిమర్ కాకుండా 10–15 పీపీఎం (పది లక్షల్లో 10–15 వంతులు) టీబీసీ అనే నిరోధకం కలుపుతారు. 12 పీపీఎం ఉండి, గాలి బాగా కరిగి ఉంటే 15 డిగ్రీల దగ్గర ఆరు నెలలు ఆగుతుంది. 29 దగ్గర మూడు నెలలు, 38 దగ్గర నెల లోపు. సరుకు అమ్మేవాళ్లు ఇచ్చే పట్టికే ఇది. చల్లగా ఉంచితే 43 రోజులు ఓ లెక్కా?

ఆ పట్టికలో రెండో వరుస మాత్రం చాలామంది కళ్లకు ఆనదు. కరిగిన ఆక్సిజన్ 3 పీపీఎం కంటే తగ్గితే, అదే టీబీసీతో 29 దగ్గర నాలుగైదు రోజులు, 38 దగ్గర ఒక్క రోజు కూడా నిలవదు. ఆక్సిజన్ తోడు లేకపోతే టీబీసీ ఉండీ లేనట్టే. శాంపిల్ తీసి "టీబీసీ బాగానే ఉంది" అని రాసుకుని ఊరుకోవడం అందుకే పనికిరాదు.

గాజువాక_గోపి:
తాతగారూ, పట్టిక సరే. రిఫ్రిజిరేషన్ ఉంది కదా, టెంపరేచర్ రీడింగులూ తీస్తూనే ఉన్నారు కదా. వేడెక్కితే తెలియదా?

ట్యాంక్‌ఫార్మ్_చిన్నా:
తెలియలేదు, ఎందుకంటే ఎం6లో, అంటే లీకైన ట్యాంకులో, టెంపరేచర్ చూసేది అడుగున మాత్రమే. మధ్యలో, పైన సెన్సర్లే లేవు. 2019 డిసెంబరులో పైపింగ్ మార్చారు. ఆ తర్వాత తిప్పిన సరుకు పై పొరదాకా వెళ్లడం మానేసింది. అడుగు నుంచి తీసి, చల్లబరిచి, మళ్లీ అడుగునే వదలడం. నిండు కుండలో కవ్వాన్ని అడుగునే తిప్పితే పైన మీగడ కదులుతుందా? చల్లటిది బరువు, కిందే కూర్చుంటుంది. వేడిది పైన తేలుతుంది, దాని నెత్తిన మే నెల ఎండకు కాగిన ఇనుప కప్పు. పైగా రిఫ్రిజిరేషన్ రాత్రిళ్లు నడిపేవాళ్లు కాదు.

పై పొరలో నూటికి ఒక వంతు పాలిమర్ అయితే చాలు, నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. ఆ వేడికి మరింత పాలిమర్. 65 దాటాక దాన్ని ఆపడం దాదాపు అసాధ్యం. స్టైరీన్ మరిగేది 145 దగ్గర. అప్పుడు వచ్చే ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు, పైకి పోదు, నేల బారున ఇళ్లలోకి వస్తుంది. అంతసేపూ అడుగు థర్మామీటరు చల్లగానే చూపిస్తుంది మరి.

గోపి గారూ, పైపింగ్ మార్చింది డిసెంబరులో. లాక్‌డౌన్ మార్చిలో.

ఫార్మా_రమణి:
పైన నైట్రోజన్ నింపి ఉంచితే పోయేది కదా? మా సాల్వెంట్ ట్యాంకులన్నింటికీ అదే చేస్తాం.

టీబీసీ_తాత:
అమ్మా, సాల్వెంట్‌కు మంచిదే, స్టైరీన్‌కు వట్టి నైట్రోజన్ విషం. కరిగిన ఆక్సిజన్ లాగేస్తుంది, టీబీసీ పడుకుంటుంది. అలాగని వట్టి గాలీ ఉంచలేం. స్టైరీన్ ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరికి నిప్పంటుకోగల వేడి, 31 డిగ్రీలు, విశాఖ ఎండలో అంతకంటే పైనే ఉంటాం, నిప్పు భయం. అందుకే పై ఖాళీలో ఆక్సిజన్ 3 నుంచి 8 శాతం మధ్య ఉండేలా కలిపి పెడతారు. దాన్ని రోజూ కొలవాలి.

గాజువాక_గోపి:
పైపింగ్ విషయం ఒప్పుకుంటున్నా. కానీ ప్లాంటు నడిచి ఉంటే సరుకు ఖాళీ అయ్యేదా కాదా? ఒక్క ట్యాంకులోనే సుమారు 1,900 టన్నులు ఉండిపోయింది. షట్‌డౌన్‌కు వ్యవధి ఇచ్చి ఉంటే...

ట్యాంక్‌ఫార్మ్_చిన్నా:
వ్యవధి చాలలేదన్నది నిజమే, అందులో మీతో గొడవ లేదు. కానీ మెయింటెనెన్స్ మనుషులకు అనుమతి ఉంది, వచ్చారు కూడా. ఆ ఉన్నవాళ్లతో చేయాల్సింది ఇదీ: రిఫ్రిజిరేషన్ 24 గంటలూ. పంపు తిప్పి సరుకు పైకి వదలడం, పొర కట్టనివ్వకుండా. అడుగు, మధ్య, పై మట్టాల్లో మూడు శాంపిళ్లు తీసి టీబీసీ, పాలిమర్ శాతం, కరిగిన ఆక్సిజన్ చూడడం. ఎండ కారణం కాకుండా రోజుకు రెండు డిగ్రీలు పెరిగితే ఇక ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకూడదు, టీబీసీ ద్రావణం వేసి తిప్పాలి. దానికి టీబీసీ గోడౌన్‌లో ఉండాలిగా! ప్రమాదం అయ్యాక గుజరాత్ నుంచి విమానంలో తెప్పించాల్సి వచ్చింది.

ఫార్మా_రమణి:
సైరన్ సంగతి?

ట్యాంక్‌ఫార్మ్_చిన్నా:
36 చోట్ల నుంచి మోగించే ఏర్పాటు ఉంది. ఒక్కటీ మోగలేదు.

గాజువాక_గోపి:
సరే, ఇంకొక్క ప్రశ్న. మూడు మట్టాల్లో శాంపిల్ అన్నారు. పాత ట్యాంకుకు పక్క నాజిళ్లు (గొట్టం మూతులు) లేకపోతే పై పొర శాంపిల్ ఎలా తీస్తారు? కప్పు మీద మ్యాన్‌హోల్ తెరిచి సీసా దించితే ఆవిరి, స్టాటిక్ (రాపిడికి పుట్టే విద్యుత్తు) రెండూ ప్రమాదమే కదా?

టీబీసీ_తాత:
ప్రమాదమే. అందుకే సీసా దించడం ఆఖరి మార్గం. గేజ్ హాచ్ (కప్పు మీది చిన్న మూత) నుంచి, నూలు తాడుతో, నైలాన్ వద్దు. పంపు ఆపి అరగంట ఆగాక. వచ్చే షట్‌డౌన్‌లో పక్కన మూడు నాజిళ్లు పెట్టించి, మూడింటికీ థర్మోవెల్ (థర్మామీటరు దించే గొట్టం) వేయించుకుంటే ఈ బాధ ఉండదు.