అంచుకు చేరిన సూర్యమచ్చ నిజంగా చిన్నదవుతోందా? కొలతలో సాయం కావాలి

అనంతపురంలో మా మేడ మీద చిన్న టెలిస్కోపుతో సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడేలా చేసి, ఒక మచ్చల గుంపు పెరుగుదలను, క్షీణతను పెన్సిలుతో గీస్తున్నాను. (కటకం గుండా నేరుగా ఎన్నడూ చూడను.) ఇక్కడ ఆకాశం తేటగా ఉండే రోజులే ఎక్కువ కాబట్టి వరుస తెగడం తక్కువ.

చిక్కంతా అంచు దగ్గరే. భూమి నుంచి చూస్తే సూర్యుడు ఒకసారి తిరగడానికి సుమారు 27 రోజులు పడుతుంది. గుంపు మనకు కనిపించేది అందులో సగమే. పడమటి అంచుకు జరిగేకొద్దీ మచ్చ నొక్కినట్టు సన్నబడుతుంది. అందుకే వైశాల్యాన్ని, బింబ కేంద్రం నుంచి ఉన్న కోణదూరపు కొసైన్‌తో భాగిస్తున్నాను. 60 డిగ్రీల దగ్గర విలువ రెట్టింపవుతుంది, 80 దగ్గర దాదాపు ఆరు రెట్లు. పెన్సిలు గీత మందం వల్ల వచ్చే తేడా కూడా అన్నే రెట్లు పెరుగుతుంది కదా! ఎన్ని డిగ్రీలు దాటాక కొలతను వదిలేయాలి?

మరొకటి. వెనుక మచ్చలు ముందే చెదిరిపోయి, ముందున్న పెద్దది మాత్రమే నిలిచింది. దాని పక్కన కొత్తగా పుట్టిన చుక్కలను అదే గుంపులో కలపాలా? 2024 మేలో భూమి మీద అయస్కాంత తుఫాను రేపిన 3664 అనే సంఖ్య గల మచ్చల ప్రాంతం, సూర్యుడు ఒక చుట్టు తిరిగాక మళ్లీ కనిపించినప్పుడు దానికి 3697 అని కొత్త సంఖ్య ఇచ్చారు. నేనూ అలాగే వేరుగా రాసుకోవాలా, కొనసాగింపుగానా? కొడైకెనాల్ సౌర వేధశాలలోని పాత సూర్యచిత్రాలతో పనిచేసినవారు ఉంటే దయచేసి చెప్పండి.