చేసిన హోంవర్క్ కూడా టీచర్‌కి ఇవ్వడు, ఏం చేయాలి?

మా బాబు నాలుగో తరగతి. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే సమస్య) అని డాక్టర్ చెప్పారు, అందులో అల్లరి తక్కువ, పరధ్యానం ఎక్కువ ఉండే రకం. క్లాసులో కుదురుగానే కూర్చుంటాడు కాబట్టి సమస్య ఎవరికీ కనపడదు. "తెలివైనవాడే, శ్రద్ధ లేదు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇష్టమైన బొమ్మలైతే కదలకుండా గంటసేపు వేస్తాడు. ఏడీహెచ్‌డీలో అలా ఉండటం మామూలేనని డాక్టర్ చెప్పినా మా ఇంట్లోవాళ్లు నమ్మరు.

కొన్ని పనిచేశాయి. ముందు బెంచీలో కూర్చోబెట్టారు. ఇంట్లో పది నిమిషాలకి టైమర్ పెట్టి, తర్వాత కాసేపు గెంతనిస్తాం. లెక్కల పేజీలో ఒక్క లెక్క కనిపించేలా మిగతాదంతా కాగితంతో మూసేస్తే భయపడడు. మూడు పనులు ఒకేసారి చెబితే మొదటిదే గుర్తుంటుంది, అందుకే ఒక్కోటీ చెబుతాం.

తేలనిది ఒకటే. హోంవర్క్ ఏమిచ్చారో డైరీలో రాసుకురాడు. ఎలాగో కనుక్కుని చేయించినా నోట్సు బ్యాగులోనే ఉండిపోతుంది, మార్కులు పోతాయి. రోజూ ఫోన్ చేస్తే టీచర్‌కి విసుగు, అదీ న్యాయమే.

ఇక్కడ టీచర్లు ఎవరైనా ఉంటే చెప్పండి: 40 మంది ఉన్న క్లాసులో ఒక పిల్లాడి కోసం ఏం అడిగితే మీకు భారమనిపించదు? పది లెక్కలకి బదులు ఐదు ఇవ్వమనడం సబబేనా? ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు నోట్సు ఇచ్చే అలవాటు ఎలా చేయించారు?

మందుల సంగతి డాక్టర్‌తో మాట్లాడుతున్నాం. "నాలుగు తగిలిస్తే దారికొస్తాడు" అనే సలహా మాత్రం వద్దండీ.